పద్దులో లేని ఊరు

పాత నెల్లూరు జిల్లాలోని కోట నుంచి తూర్పుకు పోతే ఊళ్ళన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. వరి కయ్యలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలవ. కాలవ దాటితే ఇసుక దిబ్బల మీద సరుగుడు తోపులు, ఆ వెనక జాలర్ల పట్టపుపాళెం, సముద్రం. అట్లాంటి ఊళ్ళలో ఒకదానికి నేను 1995లో సర్పంచినయ్యాను. 2001లో ఆ స్థానం ఆడవాళ్ళకు రిజర్వయింది. 2006లో ఊరు మళ్ళీ నన్నే నిలబెట్టింది. ఇప్పుడు చదువుకున్న పిల్లలు కొందరు పంచాయతీలోకి రావాలనుకుంటున్నారు. సాయంత్రం పూట మా అరుగు మీదికొచ్చి, గ్రాంట్లు ఎట్లా తెచ్చేవాడివి పెదనాయనా అని అడుగుతారు. తేవడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓపిక, బస్సు చార్జీలు, ఉతికిన తెల్లచొక్కా ఉంటే చాలు. తెచ్చిన తరువాత జరిగిన సంగతులే చెప్పవలసినవి.

1. అర్జీ రాసే ముందు ఊరు తిరగాలి, అదీ వానలో.

నేను దీనికి తలకిందులుగా నడిచాను. ముందు మండలాఫీసుకు పోయి ఈ ఏడు దేనికి డబ్బుందని కనుక్కునేవాణ్ణి. రోడ్లకుందంటే రోడ్డు అడిగేవాణ్ణి. ప్రహరీలకుందంటే బడికి ప్రహరీ అడిగేవాణ్ణి. ఊరికి ఏం కావాలన్న ప్రశ్న మా అర్జీల్లో ఎన్నడూ ఉండేది కాదు.

అట్లా వచ్చిన సిమెంటు రోడ్డొకటి పెద్దవీధి నుంచి గిరిజన కాలనీ దాకా వేయించాను. ఎస్టిమేటు వేసింది నడివేసవిలో. మన తీరానికి అసలు వాన ఆశ్వయుజ, కార్తీకాల్లో, ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. వైశాఖపు ఎండలో టేపు పట్టుకుని వచ్చిన ఇంజనీరుకు నీళ్ళు ఎటునుంచి ఎటు పారతాయో ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి. పక్కకాలవలకు ఈ పద్దులో డబ్బు లేదని ఆయనంటే, పోనీలెండి, రోడ్డు పడనీయండి అన్నాను. అంతకుముందే మట్టి మీద గ్రావెలు, గ్రావెలు మీద కంకర పడి ఉన్నాయి. ఒక్కో సర్పంచి హయాంలో ఒక్కో పొర లేచి వీధి మెరక అయింది, ఇళ్ళు పల్లమయ్యాయి. 2015 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు కాలనీలో పొయ్యిల దాకా నీళ్ళొచ్చాయి. ఊళ్ళో అందరూ ఏటిని తిట్టారు. కాలనీ ఆడవాళ్ళు మాత్రం అవి ఏటి నీళ్ళు కావని, రోడ్డు మీదుగా జారి వచ్చిన వాననీళ్ళని నాకు చూపించారు. వాళ్ళను ముందే అడిగి ఉంటే రోడ్డుకు అడ్డంగా ఒక తూము, పక్కన ఒక కాలవ కావాలనేవాళ్ళు. రోడ్డు కంటే చాలా తక్కువలో అయ్యే పని అది.

ఉపాధి హామీ మన జిల్లాకు రెండో విడతలో, 2007లో వచ్చింది. ఖర్చులో కనీసం అరవై పాళ్ళు కూలికి పోవాలి, సామగ్రికి నలభై పాళ్ళు మించకూడదు అని దాని నియమం. తరువాతి కాలంలో రాష్ట్రమంతటా ఆ నలభై పాళ్ళలో చాలా భాగం సిమెంటు రోడ్లయింది. తప్పని అనను. ముసురులో కూడా అంబులెన్సు పాళెం దాకా పోతున్నదంటే ఆ రోడ్ల పుణ్యమే. అయితే ఊళ్ళన్నీ ఏకగ్రీవంగా రోడ్డే కోరుకున్నాయని మాత్రం అనుకోకండి. రోడ్డును కొలవడం తేలిక, బిల్లు రాయడం తేలిక, ఫొటో తీయడం ఇంకా తేలిక.

2. ప్రతి రూపాయికీ ఒక పద్దు ఉంటుంది, అది తెలియనివాడు గుమ్మాల ముందు నిలబడతాడు.

మా నాయన తరం సమితి ఆఫీసు చుట్టూ తిరిగింది. 1959లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన నాటి నుంచి, ఎన్.టి. రామారావు ప్రభుత్వం మండలాలు పెట్టేదాకా, ఊరికి బావి కావాలన్నా బడి కావాలన్నా సమితి ప్రెసిడెంటు, బీడీవో, ఈ ఇద్దరే దిక్కు. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజనతో ఢిల్లీ డబ్బు పంచాయతీ దాకా దిగింది. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పదో ఆర్థిక సంఘం మొట్టమొదటిసారి పంచాయతీలకంటూ విడిగా వాటా చెప్పింది, 1971 జనాభా లెక్కన పల్లెలో తలకు వంద రూపాయల చొప్పున. ఈ ఆఖరిది నేను సర్పంచిగా ఉన్న రోజుల్లోనే అమలైంది. నాకు తెలియదు. ఆ రోజుల్లో నేను నాయకుల వసారాల్లో బెంచీల మీద కూర్చుని ఉన్నాను, మా ఊరి మీద దయ చూపమని అడగడానికి.

హక్కుగా వచ్చే డబ్బు వేరు, దయగా వచ్చే డబ్బు వేరు. ఆర్థిక సంఘం గ్రాంటు మీ ఊరి జనాభాను, విస్తీర్ణాన్ని చూసి వస్తుంది. దానికి ఎవరికీ దండం పెట్టనక్కర లేదు. ఎంపీ నిధులు, ప్రత్యేక నిధులు ఇచ్చేవాడి ఇష్టం మీద వస్తాయి. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు రెండు లక్షల కోట్ల రూపాయల పైచిలుకును దేశంలోని గ్రామ పంచాయతీలకే చెప్పింది. మండలానికీ జిల్లా పరిషత్తుకూ అందులో వాటా పెట్టలేదు. పదిహేనోది 2021 నుంచి 2026 వరకు పల్లెలకు 2,36,805 కోట్లు చెప్పి, ఈసారి మూడు అంచెలకూ పంచింది. దానిలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగిలిన 40 శాతం జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప ఊరు తన అవసరం చూసుకుని వాడుకోవచ్చంది. వచ్చిన డబ్బులో కట్టేసింది ఎంతో, ఊరి చేతిలో ఉన్నది ఎంతో తెలిసిన వార్డు మెంబరు మీ పంచాయతీలో ఒక్కరైనా ఉండాలి.

ఇంకో మెలిక ఉంది. ఎన్నికైన పంచాయతీ లేకపోతే ఈ గ్రాంటు ఆగుతుంది. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరిపోయింది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా మన ఊళ్ళు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికలు జరిగాక అదే ఏడు మరో గొడవ. ఖాతాల్లో పడిన ఆర్థిక సంఘం సొమ్మును కరెంటు బకాయిల కింద జమ కట్టేశారని రాష్ట్రమంతటా సర్పంచులు వీధికెక్కారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కాని ఆ బకాయి అంత ఎత్తున ఎందుకు పేరుకుందో చెప్పాలంటే నా బోటి పాత సర్పంచులే చెప్పాలి.

3. కట్టడానికి డబ్బు వస్తుంది, కాపాడటానికి రాదు.

మొదటి దఫాలో నేను గొప్పగా చెప్పుకున్న పని మంచినీళ్ళ ట్యాంకు. లోతు బోరు, మోటారు, పైపులు, ఊరి నడుమ ఆకాశానికి లేచిన ట్యాంకు. నీళ్ళు వదిలిన రోజు ఊరంతా ట్యాంకు కింద చేరింది. మొదట్లో నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. పోనుపోను చప్పబడ్డాయి, ఆ తరువాత ఉప్పెక్కాయి. సముద్రం అంత దగ్గర ఉన్నచోట లోతు నుంచి తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి జరుగుతుంది. దీనికి తోడు అప్పటికే చుట్టూ రొయ్యల గుంటలు. ఈ సంగతి పాళెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మన పెద్దలు దొరువులు తవ్వుకున్నారు. ఇసుక నేలలో కురిసిన వాన కిందికి దిగి ఉప్పునీటి మీద పలచటి పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ గుంట తీసి ఆ పై పొరను మాత్రమే చేదుకోవాలి. అదే దొరువు. ఎండాకాలం నారుమడికీ అవే నీళ్ళు, కుండలోకీ అవే నీళ్ళు.

ఎస్టిమేటు రాసేవాళ్ళ ధరల పుస్తకంలో దొరువు అనే పని లేదు. బోరుంది, మోటారుంది, ట్యాంకుంది. నేను ఇంకా ఘోరం చేశాను. పంపు గది కట్టడానికి చదును నేల కావాలంటే, పక్కనున్న దొరువును పూడ్పించాను. పాడుబడ్డ గుంట, దోమలు తప్ప ఏముందిలే అనుకున్నాను. వద్దన్న ముసలాయనకు అభివృద్ధి అంటే ఏమిటో నేనే ఉపన్యాసం చెప్పాను. బోరు ఉప్పెక్కాక, బిందె నీళ్ళ కోసం ఆడవాళ్ళు దిబ్బల అవతలి దొరువు దాకా నడిచారు.

ఉప్పు సంగతి పక్కన పెట్టినా, ట్యాంకు వచ్చిన మరునాటి నుంచి దానికి ఖర్చులుంటాయని ఎవరమూ ఆలోచించలేదు. మోటారు కాలితే వైండింగుకు డబ్బు, ఆపరేటరుకు నెలకింత, బ్లీచింగు పొడి, నెల తిరిగేసరికి కరెంటు బిల్లు. గ్రాంటు ఉత్తర్వులో వీటి ఊసు ఉండదు. బిల్లులు కట్టకుండా బీరువాలో పెట్టాం. నా తరువాతి వాళ్ళూ అదే చేశారు. వీధిదీపాలదీ అదే కథ. పేరుకున్న బకాయి అట్లాంటిది.

1977లో దివిసీమ ఉప్పెన తరువాత కోస్తా పొడుగునా తుఫాను షెల్టర్లు లేచాయి. మన వైపూ కట్టారు. వాటిని చూసి నేను నేర్చుకున్నది ఒకటుంది. ఏ షెల్టరులో రోజూ బడి నడిచిందో, పెళ్ళిళ్ళు జరిగాయో, దాని తలుపులు, మెట్లు, పైకప్పు సక్రమంగా ఉన్నాయి. తుఫాను కోసమని తాళం వేసి ఉంచినది తుఫాను వచ్చేనాటికి తాళం తుప్పు పట్టి, కిటికీలు ఊడి కనిపించింది. కాబట్టి ఏ భవనం అడిగినా, అందులో మామూలు రోజుల్లో ఎవరు కూర్చుంటారు, ఎవరు ఊడుస్తారు అన్నది ముందు తేల్చుకోండి. జవాబు దొరక్కపోతే భవనం అడగకండి.

4. ఇంటిపన్ను అడగలేని సర్పంచి ఊరికి మేలు చేసినట్టు కాదు.

నా రెండు దఫాల్లోనూ ఇంటిపన్ను పైసా పెంచలేదు. ఓట్ల మీటింగుల్లో ఇది గట్టిగా చెప్పుకున్నాను, చప్పట్లూ పడ్డాయి. పాత పన్ను కూడా గట్టిగా వసూలు చేయించలేదు, దగ్గరివాళ్ళ దగ్గర అసలే అడగలేదు. ఎవరి షరతూ లేకుండా ఊరు వాడుకోగలిగిన సొమ్ము అదొక్కటే. మోటారు కాలిన రోజున అక్కరకొచ్చేది అదే. దాన్ని వదులుకుని, షరతులతో వచ్చే డబ్బు కోసం నెల్లూరికీ హైదరాబాదుకూ తిరిగాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదికి కొద్దిపాటి పన్నైనా కట్టినవాడు వచ్చి, నా డబ్బు ఏం చేశావని నిలదీస్తాడు. కట్టనివాడు నాకేమిస్తావని అడుగుతాడు. నేను రెండోరకం జనాన్ని తయారుచేశాను.

5. ఊరి వాటా ఇంకొకడు కడితే ఆ పని ఊరిది కాదు.

1997 జనవరిలో జన్మభూమి మొదలైంది. పనికి ప్రభుత్వం కొంత ఇస్తుంది, ప్రజలు డబ్బుగానో శ్రమదానంగానో తమ వాటా వేసుకోవాలి. మంచి ఆలోచన. దాన్ని మేం ఎట్లా చెడగొట్టామో చెబుతాను. వాటా వసూలు చేయడం కష్టమని, పని చేసే కాంట్రాక్టరే ఊరి పేరున ఆ సొమ్ము కట్టేసేవాడు. బిల్లు వచ్చాక పనిలో కోసి రాబట్టుకునేవాడు. సిమెంటు తగ్గేది, ఇసుక పెరిగేది. కాగితం మీద మాత్రం ప్రజల భాగస్వామ్యం నూటికి నూరు పాళ్ళు. ఆ రసీదుల మీద సంతకాలు నావి. చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇదే నడుస్తుండేది కాబట్టి తప్పుగా తోచలేదు.

ఒకసారి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో శిక్షణకు పోయినప్పుడు కొరియా సంగతి విన్నాను. 1970లో దక్షిణ కొరియా ప్రభుత్వం దేశంలోని సుమారు 33 వేల ఊళ్ళకు తలా 335 బస్తాల సిమెంటు పంపింది. ఏం కట్టుకోవాలో ఊరే తేల్చుకోమంది. దాదాపు సగం ఊళ్ళు ఆ సిమెంటుకు తమ చాకిరీ, తమ డబ్బు కలిపి బాగా వాడుకున్నాయి. మరుసటి విడత వాటికే 500 బస్తాలు, ఒక టన్ను ఇనుము ఇచ్చారు. పని చేయని ఊళ్ళకు ఏమీ ఇవ్వలేదు. అది సైనిక పాలకుడి కాలం, అక్కడి బలవంతాలు అక్కడున్నాయి. పేద ఊరు, గొడవలున్న ఊరు వెనకబడితే దానికి సిమెంటు ఆపడం న్యాయమా అని ఆనాడే నాకు సందేహం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అయినా ఏం కట్టుకోవాలో ఊరే తేల్చుకోవడమన్న మాట నన్ను వదల్లేదు. మన జన్మభూమిలో వాటా అడిగారు కాని, ఆ నిర్ణయాన్ని ఊరికి పూర్తిగా వదల్లేదు.

2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్‌లోనూ ఊళ్ళో జరిగే పనుల ఖర్చులో పదోవంతు ఊరు భరించాలని ఉంది. ఎస్సీ, ఎస్టీ జనం సగానికి మించిన ఊళ్ళకు అది ఐదు శాతమే. ఆ పదోవంతు మీ ఊళ్ళో ఎవరు కట్టారో ఒకసారి విచారించండి.

6. పెద్ద మనిషి వస్తే ఫైలు కదులుతుంది, ఫైలు మాత్రం అంతకుముందు నుంచీ అక్కడే ఉంది.

మనకు దగ్గర్లోనే, గూడూరు మండలం నేర్నూరు పంచాయతీలో పుట్టంరాజువారి కండ్రిగ ఉంది. 2014 నవంబరులో రాజ్యసభ సభ్యుడిగా సచిన్ టెండూల్కర్ దాన్ని దత్తత తీసుకున్నాడు. ఆయన వచ్చిన రోజు దేశం మొత్తం ఆ పేరు పలకడం నేర్చుకుంది. నిజంగానే పనులు జరిగాయి. భూగర్భ మురుగు కాలవలు, రోడ్లు, నీళ్ళు, సామాజిక భవనం, ఆటస్థలం. రెండేళ్ళ తరువాత ఆయన మళ్ళీ వచ్చి చూసుకున్నాడు. ఆ ఊరివాళ్ళ సంతోషం చూసి నేనూ సంతోషించాను, కొంచెం అసూయ కూడా పడ్డాను.

ఇక్కడ పిల్లలు గమనించవలసింది ఒకటుంది. ఆ దత్తత పథకానికి, సాంసద్ ఆదర్శ్ గ్రామ్ యోజనకు, విడిగా నిధులు లేవు. ఎంపీ నిధులు, ఉపాధి హామీ, ఇళ్ళ పథకం, తాగునీటి పథకం, ఇవన్నీ ముందునుంచీ ఉన్నవే. వేరువేరు ఆఫీసుల్లో వేరువేరు అల్మారాల్లో ఉన్న ఆ డబ్బును ఒక ఊరి దగ్గరికి ఒకే కాలంలో తీసుకురావడమే ఆ పథకం. అంటే కండ్రిగకు వచ్చినదానిలో చాలా భాగం ఏ ఊరైనా అడగగలిగినదే. ప్రణాళిక ఒక్క కాగితం మీద ఉండి, అన్ని శాఖలవాళ్ళూ ఒక్క బల్ల చుట్టూ కూర్చుంటే చాలు. సెలబ్రిటీ చేసే ఉపకారం ఆ బల్ల వేయించడం. నేను శాఖకొక అర్జీ చొప్పున ఇచ్చాను, ఒకదాని సంగతి ఇంకొకదానిలో రాయలేదు. పైపు వాళ్ళు వచ్చి కొత్త రోడ్డు తవ్విపోతే తప్పెవరిదని ఆఫీసులో గొడవపడ్డాను. ఆ రెండు అర్జీలూ నా చేత్తో రాసినవే.

7. మార్చిలో మొదలైన పని నిలవదు.

సంవత్సరమంతా రాని డబ్బు ఫిబ్రవరి ఆఖర్లో వస్తుంది. మార్చి 31లోపు ఖర్చు చేసి వినియోగ పత్రం పంపకపోతే వెనక్కి పోతుందంటారు. ఆ తొందరలో పోసిన కాంక్రీటుకు తడి పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పని కాకముందే అయినట్టు పత్రం రాసివ్వమని మీ మీద ఒత్తిడి వస్తుంది. ఊరికి వచ్చిన డబ్బు పోగొట్టాడని పేరు వస్తుందన్న భయంతో నేను రాసిచ్చాను. ఆ పనుల్లో ఒకటి సగంలోనే ఆగిపోయింది. రికార్డుల్లో పూర్తయిన పనికి మళ్ళీ డబ్బెట్లా ఇస్తామని తరువాత వచ్చిన అధికారి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అంగన్‌వాడీ కోసం లేచిన ఆ గోడల మధ్య ఇప్పుడు తుమ్మచెట్లున్నాయి.

8. ఎం-బుక్కు చదవడం నేర్చుకోండి.

పని ఎంత జరిగిందో ఇంజనీరు కొలిచి రాసేది ఎం-బుక్కు. బిల్లు వచ్చేది దాన్నిబట్టి. దానిలో పొడుగు, వెడల్పు, మందం తప్ప బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఐదో తరగతి లెక్కలు వచ్చినవాడు చదవగలడు. మొదటి దఫా అంతా నేను దాన్ని తెరవలేదు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టాను. రెండో దఫాలో మా ఊరి బేల్దారి మేస్త్రీ ఒకడు నా పక్కన కూర్చుని, ఆరంగుళాల మందం రాసినచోట నాలుగంగుళాలే ఉందని గడ్డపారతో పొడిచి చూపించాడు. అతనికి చదువు రాదు.

మన జిల్లా ఆడవాళ్ళ సంగతి ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేను. 1992లో దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించవలసి వచ్చింది. అక్షరం వచ్చినవాళ్ళు మొదట అడిగింది సంపాదన ఎటు పోతున్నదని. ఆ ఊపులో పొదుపు సంఘాలు వచ్చాయి. కొన్నేళ్ళ తరువాత మా గ్రామసభలో ఒక సంఘం లీడరమ్మ లేచి రోడ్డు బిల్లు చదివి వినిపించమంది. నేను నొచ్చుకున్నాను. నన్ను దొంగ అంటున్నదనుకున్నాను. తరువాత మాట్లాడుకుందామని సభ ముగించేశాను. ఆ తరువాతి గ్రామసభకు ఆడవాళ్ళు రాలేదు. పుస్తకంలో హాజరు రాసుకుని, ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించాం. ఊరి డబ్బుకు అడ్డంగా నిలబడి కాచే మనుషుల్ని నేనే ఇంటికి పంపేశానని అర్థమవడానికి చాలా కాలం పట్టింది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ అని వచ్చి, ఎవరికి ఎన్ని రోజుల కూలి రాశారో ఊరి నడుమ చదవడం మొదలుపెట్టినప్పుడు మేమంతా వణికాం. అదే మాట ఆ లీడరమ్మ ముందే అడిగింది.

మీ అదృష్టం వేరు. మీ పంచాయతీ ప్రణాళిక, జమ, ఖర్చు ఈ-గ్రామస్వరాజ్‌లో ఫోనులోనే కనిపిస్తాయి. సినిమాకు పెట్టే టైములో పావు వంతు దానికి పెట్టండి.

9. కాగితం లేనివాడి పేరున వచ్చిన డబ్బు కూడా వాడికి చేరదు.

ఇది చివర పెట్టింది చిన్నదని కాదు. చెప్పడానికి నోరు రాక వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను.

మన జిల్లాలో గిరిజనులైన యానాదులు లేని ఊరు అరుదు. రొయ్యల గుంటల కాపలా వాళ్ళదే, కాలవలో పీతలు పట్టేది వాళ్ళే, వరి కోతల తరువాత గట్లు తవ్వి ఎలుకలు పట్టేదీ వాళ్ళే. వాళ్ళ పేరున నెల్లూరులో ప్రత్యేకంగా ఒక గిరిజనాభివృద్ధి సంస్థే ఉంది. ఇళ్ళకు వేరే కోటా ఉంది. నా రెండో దఫాలో ఇళ్ళు మంజూరైనప్పుడు కాలనీ వాళ్ళ పేర్లు జాబితాలో ముందు రాశాను. స్థలం పట్టా కావాలన్నారు, లేదు. కుల ధ్రువపత్రం కావాలన్నారు, లేదు. రేషను కార్డు కొందరికే ఉంది. ఆ కాగితాలు పుట్టించడానికి పట్టే కాలం గ్రాంటు గడువు కంటే ఎక్కువ. గడువు దగ్గర పడేసరికి అర్హులు లేరని రాసి పంపారు. నేను అడ్డం పడలేదు. అర్హత ఉంది, కాగితమే లేదు అన్న ఒక్క వాక్యం ఆ నివేదికలో రాయించలేకపోయాను.

అంతకుముందే, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నేను సర్పంచిని కాను. అయినా నష్టం జాబితా మా వసారాలోనే రాశారు. పడవ ఎంత, వల ఎంత, ఇంజను ఎంత అని పట్టపువాళ్ళు ఒక్కొక్కరే చెబుతున్నారు. వాళ్ళ నష్టం నిజమైనదే, పరిహారం వాళ్ళకు దక్కవలసిందే. యానాదుల కుటుంబాలు కొన్ని దూరంగా నిలబడి ఉన్నాయి. వాళ్ళకు పడవల్లేవు. కాలవ నోట్లో నడుము లోతు నీళ్ళలో దిగి చేతివలతో పట్టుకునేవాళ్ళు. ఆ వలలూ పోయాయి, కుండలూ పోయాయి. వచ్చిన ఫారంలో పడవ లేని జాలరికి గడి లేదు. గుమాస్తా నా వైపు చూశాడు. వీళ్ళ సంగతి తరువాత చూద్దాం అన్నాను. సాయం లారీలు వచ్చాయి, పోయాయి. ఆ తరువాత అన్న రోజు రాలేదు. అడగడానికి వాళ్ళు నా దగ్గరికి మళ్ళీ రానూ లేదు. రాకపోవడమే నాకు తేలికైంది కూడా.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మన కోట తిరుపతి జిల్లాలో కలిసింది. దానితో ఎవరి ఫైలు ఏ ఊరికి పోయిందో వెతుక్కోవడం ఇంకో పని అయింది. ఇప్పుడు ఊళ్ళో సచివాలయం ఉంది, ఆధార్ ఉంది, మా రోజుల కంటే కాగితం పుట్టించడం తేలిక. అయినా కాలనీలో ఇంకా జనన ధ్రువపత్రం లేని పిల్లలున్నారు, పట్టా లేని ఇళ్ళున్నాయి. మీరు పంచాయతీలోకి వస్తే మొదటి నెల ఏ గ్రాంటుకూ అర్జీ రాయకండి. ఇంటింటికీ పోయి ఎవరికి ఏ కాగితం లేదో రాసుకోండి. తహసీల్దారు ఆఫీసుకు పోయే రోజు నాకు కబురు చేయండి. నడక తగ్గింది కాని, వెనక కూర్చోబెట్టుకునే బండి ఉంటే నేనూ వస్తాను.